తెల్ల గుర్రమా, నల్ల గుర్రమా

జగ్గమ్మ చెప్పిన కథ ఒక్కటి కూడా పన్నెండేళ్లలో అడ్డు లేకుండా సాగలేదు. ఆ అడ్డు పేరు పెద్దిరాజు. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని తెలుగువాళ్లంతా ఆమె గొంతు కోసం ప్రాణం పెడితే, ఈయన మాత్రం కాలు అడ్డం పెట్టేవాడు.

జగ్గమ్మ వారమంతా జనపనార మిల్లులో పనిచేసి, ఆదివారం మధ్యాహ్నం కూలీ లైన్ల వాకిట్లో జముకుల కథ చెప్పేది. పక్కన ఆమె తమ్ముడు జముకు వాయించేవాడు. ఒక పక్క తోలు బిగించిన ఆ బుంగలోంచి నరం లాగి మీటితే, ఎవరో కడుపు పట్టుకుని మూలిగినట్టుండేది. శ్రీకాకుళం వదిలి ఇరవై ఏళ్లయినవాళ్లు కూడా ఆ మోతకు ముక్కు చీదేవారు. కథలో రాకుమారి తప్పిపోయిన అన్నలను వెతుక్కుంటూ గుర్రమెక్కేది. ఆడవాళ్లు కొంగులు తీసేవారు. సరిగ్గా అప్పుడు పెద్దిరాజు లేచేవాడు.

"ఆగెహె! గుర్రం తెల్లదంతావేటి? పోయినోరం నల్లదన్నావు."

"నానెప్పుడన్నాను?"

"అన్నావు. ఈ సెవుల్తో ఇన్నాను. గుర్రం తేలకుండా కద నడవదు."

ముసలమ్మలు శాపాలు పెట్టేవారు. కుర్రాళ్లు చెప్పులు చూపించేవారు. జగ్గమ్మ మాత్రం చెంబెత్తి నీళ్లు తాగి, తీరిగ్గా గుర్రం రంగు తేల్చి కథ అందుకునేది. టీ కొట్టు ఘోష్‌దాకు తెలుగు ముక్క రాదు. అయినా ప్రతివారం ముందు వరసలో కూర్చుని, "ఝొగొడా కొఖోన్?" అని, అంటే తగువెప్పుడని, అడిగేవాడు. ఆయన వచ్చేది కథకు కాదు, తగువుకు.

వింతేమిటంటే ఈ తగువులమారి మిగతా ఆరు రోజులూ మూగవాడు. రేవులో క్రేను నడిపేవాడు. సర్దారు ఊరికే తిట్టినా తలూపేవాడు. "కూర ఉప్పు కషాయమైనా మాటాడ్డు. నోరంతా ఆదోరానికి దాసుకుంతాడు" అనేది భార్య అమ్మన్నమ్మ.

పందొమ్మిది వందల అరవై ఆరు వానాకాలంలో జగ్గమ్మ పోయింది. మూడు వారాలు దగ్గింది. ఆసుపత్రిలో కాళ్ల నొప్పులకిచ్చే ఎర్ర మందే దగ్గుకీ ఇచ్చారు. ఘాటు దగ్గర జనం రోడ్డు దాకా నిలబడ్డారు. కట్టెలు తడిసి చితి ఒక పట్టాన అంటుకోలేదు. పెద్దిరాజు ఇప్పుడైనా లేచి 'ఆగెహె' అంటాడేమోనని అందరూ ఓరగా చూశారు. ఆయన అనలేదు. పొగ కమ్మిన చోటే నిలబడి ఆ పొగంతా పీల్చాడు.

పెద్దిరాజు మీద అందరికంటే ఎక్కువ మండిపోయినవాడు త్యాగరాజు. కాలేజీ మధ్యలో వదిలేసి రేవులో సరుకు లెక్క రాసుకునే కుర్రాడు. లోకంలో అతనికి నచ్చిన మనిషి జగ్గమ్మ ఒక్కతే. పెద్దదినం నాడు ఆమె కూతురు వేదవతి చేత తల్లి కథ చెప్పించాలని పట్టుబట్టింది అతనే. ఆ పిల్ల జనం ముందు ఏనాడూ నోరు విప్పలేదు. జముకు వాయించే మేనమామ ముందే చెప్పేశాడు: "పిల్ల వల్ల కాపోతే జముకు పెట్లో పెట్టీడమే. ఇంక ఈ ఊర్లో కద లేదు."

త్యాగరాజు తిన్నగా పెద్దిరాజు ఇంటికి వెళ్లాడు.

"మాఁవా, ఆవిడ బతికుండగా ఒక్క కథ నిండుగా విననివ్వలేదు. రేపు నోరు తెరిచావో, మర్యాద దక్కదు. మాటియ్యి."

పెద్దిరాజు అతని చేతిలో చెయ్యి వేశాడు. చేతిలో చెయ్యి వేశాడు. "వాకిట్లోకి రాను. బయటే కూకుంతాను" అన్నాడు.

అన్నట్టే ఆయన గేటు బయట గొడుగు కింద కూర్చున్నాడు. వేదవతి మొదలుపెట్టింది. గొంతు అచ్చం తల్లిదే. జనం ఊపిరి బిగబట్టారు. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఒక మాట తెగింది, తర్వాతి మాట రాలేదు. ఆ పిల్ల చేతి గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని గేటు వైపు చూసింది.

పెద్దిరాజు సగం లేచాడు. త్యాగరాజు వైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు.

"పిల్ల వల్ల కాదు" అన్నారెవరో. మేనమామ చెయ్యి నరం మీద నెమ్మదించింది.

వెనక వరసలోంచి అమ్మన్నమ్మ త్యాగరాజు వీపులో వేలితో పొడిచింది. "మాటెందుకు తీసుకున్నావురా సచ్చినోడా! గాజులు ఎగదోస్తే లెగమని జగ్గమ్మే సెప్పింది. మిల్లు దుమ్ముకి దాని రొమ్ము పట్టేసీది. రోగమని తెలిస్తే మిల్లులో పేరు కొట్టీరా? అది నీళ్లు తాగి ఊపిరి తీసుకున్నంతసేపూ మాయాయన మీసేత తిట్లు తినీవోడు."

"పన్నెండేళ్లూనా?"

"మరేటి? గుర్రం రంగుతో ఆ మడిసికి పనేటి?"

త్యాగరాజుకు చెంబు గుర్తొచ్చింది. తను చూపించిన చెప్పులు కూడా గుర్తొచ్చాయి. చటుక్కున లేచాడు.

"పెద్దిరాజు మాఁవా! గుర్రం తెల్లదంట! ఊరుకుంటావేటి?"

గొడుగు ఎగిరి అవతల పడింది. "ఎలాగూరుకుంతాను? ఆగెహె! మీయమ్మ నల్లదనీది, నివ్వు తెల్లదంతావేటే గుంటా?"

వాకిలి భగ్గుమంది. ముసలమ్మలు శాపాలు అందుకున్నారు. పది రోజులుగా ముఖం వేలాడేసుకున్న ఘోష్‌దా బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. ఆ గోలలో వేదవతి చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది. కళ్లు తుడుచుకుంది. ఊపిరి నిండా పీల్చుకుంది.

"మాయమ్మ తెల్లదనే సెప్పింది మాఁవా. నీ సెవులే నల్లబడ్డాయి."

జముకు మళ్లీ మూలిగింది. రాకుమారి గుర్రమెక్కింది.

పొద్దుగూకేలోగా కథ చివరిదాకా చేరింది. చేరేలోగా గుర్రం మాత్రం నాలుగు రంగులు మారింది. వాటిలో ఆకుపచ్చ త్యాగరాజుది.