పచ్చగన్నేరుకు ఎర్ర కండె

నిన్న మేడ మీద బట్టలు ఆరేసి ఇంట్లోకి వస్తే ఫ్రిజ్ వైరుకు ఎర్ర దారం కట్టి ఉంది. ముడి వంకరగా ఉన్నా గట్టిగానే ఉంది. ఎవరి పనో అడగక్కర్లేదు. "తమ్ముడు ముట్టకూడదు గదమ్మా" అంది మా ఏడేళ్ల అమ్మాయి, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. పది నెలల ఆ తమ్ముడు అప్పటికే దారం కొసను నోట్లో పెట్టుకుని తీరిగ్గా చప్పరిస్తున్నాడు. పరుగెత్తి వాణ్ణి ఎత్తుకున్నాను. పరుగెత్తడం నాకు అలవాటే. పిల్లలిద్దరూ పడుకున్నాక ఇల్లు సర్దుకుంటుంటే ఆ దారం మళ్లీ కనిపించి, నగరిలో మా అత్త పెరడు గుర్తొచ్చింది.

మా అత్తవాళ్లది నేతపని ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక పెరడు. అమ్మాయికి అప్పుడు రెండున్నరేళ్లు. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ జూన్‌లో తెరుస్తారు. ఆలోగా పిల్లను అత్త దగ్గర వదలడమా, ఉద్యోగం మానుకోవడమా తేల్చుకోవాలి. వేసవి సెలవులకు అక్కడికి వెళ్లాను గానీ, నిజానికి వెళ్లింది తనిఖీకి. నూతి మీద మూత ఉందా, మగ్గాల గది తలుపుకు గడియ పడుతుందా అని అన్నీ చూశాను. అన్నిటికీ అత్త దగ్గర జవాబు ఉంది, ఒక్క పచ్చగన్నేరుకు తప్ప. పెరటి మూల నిండా పూసిన చెట్టు, చేతికందే ఎత్తులో ఆకుపచ్చని కాయలు. ఆ కాయ విషమని ఊళ్లో అందరికీ తెలుసు. కొట్టించేద్దామన్నాను. "దీన్ని కొట్టిస్తే ఇదొక్కటే పోతాది. ఈ ఈదిలో ఇంగా నాలుగుండాయి. అన్నీ కొట్టిస్తావా?" అంది అత్త, పూజకు పూలు కోసుకుంటూ.

నేను చదువుకున్నదాన్ని కదా, చదువుకున్నవాళ్లు చేసే పనే చేశాను. ఫోన్లో చూసి, పది చెక్క గరిటెలు కొని, వాటికి రంగులు వేసి, మొక్కకో పేరు రాసి పాతాను. కరివేపాకుకు ఆకుల తీగ గీశాను, మల్లెకు తెల్లని చుక్కలు పెట్టాను. రెండు రోజులు భోజనం కూడా సరిగ్గా చేయలేదు. అత్త చీపురు పట్టుకుని వచ్చి చూసింది. "ఏమ్మే, వంటింట్లో సరైన గరిట లేక నేను అగసాట్లు పడతా ఉంటే పదీ మట్టిలో నాటేసినావా? కరేపాకుకు పేరెందుకు, అది కరేపాకని దానికి తెలీదా?" అని నవ్వి, తర్వాత వంగి మల్లె గరిటెను చీరకొంగుతో తుడిచింది. పచ్చగన్నేరుది నేను అన్నిటికంటే శ్రద్ధగా చేశాను. అది ఎవరి కళ్లనూ తప్పించుకోకూడదని పసుపు పూలు గీసి, చుట్టూ ఎర్రని అంచు వేసి, పైన రెండు అద్దం బిళ్లలు కూడా అంటించాను.

మూడో రోజు పొద్దున అమ్మాయి కనిపించలేదు. వెతికితే ఆ చెట్టు కింద కూర్చుని, మెరిసే గరిటెను ఒళ్లో పెట్టుకుని, ఇంకో చేతిలో కాయ పట్టుకుని ఉంది. నా కేకకు మగ్గాలు ఆగిపోయాయి. నోరు తెరిచి చూశాం, ఏమీ తినలేదు. చేతులు కడిగాం, నోరు కడిగాం, అయినా నేను ఏడుపు ఆపలేదు. ఉద్యోగం మానేస్తానని ఆ క్షణంలోనే చెప్పేశాను. అత్త నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మెల్లగా అంది: "పెండ్లికూతురు మాదిరి దాన్నే సింగారిస్తివి. బిడ్డ దాని దగ్గరికి గాక ఇంగెవరి దగ్గరికి పోతాది సెప్పు?"

ఆ మధ్యాహ్నమే ఆమె మగ్గాల గదిలోంచి పాత చెక్క కండెలు ఒళ్లో పోసుకుని వచ్చింది. కండె అంటే నేసేటప్పుడు అడ్డపోగు నూలు చుట్టుకునే సన్నని పుల్ల. వాళ్లింట్లో ఒక వాడుక ఉంది. పిల్లలు ముట్టకూడని దేనికైనా, అది మగ్గం మీది పడుగు కావచ్చు, కత్తెర కావచ్చు, ఎర్ర పోగు కడతారు. మా ఆయన అలా పెరిగినవాడే. అత్త మల్లెకు తెల్ల నూలు, కరివేపాకుకు చిలకపచ్చ, చామంతికి పసుపు, ఒక్కో వరసా పక్క వరసను తాకేలా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా చుట్టింది. నేత చేతుల తీరు అది. నా గరిటెలు పక్కన పెడితే తిరునాళ్ల బొమ్మల్లా ఉన్నాయి. ఎర్రది మాత్రం ఏ సింగారమూ లేకుండా చుట్టి పచ్చగన్నేరు మొదట్లో దిగ్గొట్టింది.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. రోజూ పొద్దున, సాయంత్రం పిల్లను నడిపించుకుంటూ కండె కండె దగ్గరా నిలబడి తాకించేది, వాసన చూపించేది. ఎర్ర కండె దగ్గరికి రాగానే మాట్లాడేది కాదు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని నిలబడేది. పక్కన పిల్ల కూడా చేతులు వెనక్కి పెట్టాలని తంటాలు పడి, ఒక్కోసారి కుదరక తన గౌను పట్టుకునేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. ఇంత చిన్న పిల్లకు ఏం అర్థమవుతుందిలే అనుకునేదాన్ని.

కాలేజీ తెరవడానికి నాలుగు రోజుల ముందు పిల్ల బంతి దొర్లి ఆ చెట్టు కిందికి పోయింది. అత్త లోపల కండెలు చుడుతోంది. నేను గుమ్మంలో ఉన్నాను, అడుగు వేయబోయి, ఎందుకో తెలియదు, ఆగాను. అమ్మాయి పరుగెత్తుకుంటూ వెళ్లి, ఎర్ర కండె ముందు ఆగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "అవ్వా, బంతి!" అని అరిచింది. అత్త వచ్చి బంతి తీసిచ్చి, నా మొహం చూసి, "తిరుపతి బస్సు ఎన్ని గంటలకుందో కనుక్కో పో" అంది, అంతే.

ఈ పొద్దున మా అమ్మాయి తమ్ముణ్ణి చంకనెత్తుకుని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లింది. చంకలో వాడుంటే చేతులు వెనక్కి పోవు కాబట్టి వాణ్ణి కింద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని చూపించింది. వాడు నేరుగా పాకి వెళ్లి వైరు పట్టుకున్నాడు. వెనక్కి లాక్కొచ్చి మళ్లీ చూపించింది. వాడు మళ్లీ వెళ్లాడు. నేను వైరును ఫ్రిజ్ వెనక్కి తోశాను గానీ, దారం విప్పలేదు. అత్త పెరట్లో అలాంటి పొద్దులు ఎన్ని గడిచాయో భయంలో పడి నేను లెక్కపెట్టుకోలేదు. ఇక్కడ ఇది మొదటిది.