ఎబినేజర్ సంచిలో నల్లి లేదు

ఊరెళ్ళి వచ్చిన సంచి గడప దాటకూడదు. మణుగూరు గనుల కాలనీలో పుల్లమ్మ తన ఇంటికి పెట్టుకున్న చట్టమిది. ఒక ఎండాకాలమంతా నల్లులతో వేగి, మంచం కోళ్ళలో మరిగే నీళ్ళు పోసి చేతులు కాల్చుకున్న మనిషి. అప్పటినుంచి సంచి వాకిట్లోనే విప్పాలి. బట్టలు బొగ్గుల పొయ్యి మీద ఉడకాలి. సంచి కుట్లు ఎండలో తిరగేసి చూడాలి.

ఆ చట్టానికి ఎక్కువగా లోబడింది ఆమె భర్త ఎబినేజర్. గనిలో పని, సెలవు దొరికితే సువార్త సభల్లో డోలక్. 2004 ప్రాంతంలో నెలనెలా ఖమ్మం వెళ్ళేవాడు. అక్కడ పాటలు పాడే అమ్మాయి స్తుతి, పెనుబల్లి నుంచి వచ్చేది. పెళ్ళి కాలేదు, మంచి గొంతు, అతన్ని అన్నా అంటుంది. ఆ అన్నా అనడంలో నిజమెంతో పుల్లమ్మ తూచని రోజు లేదు.

మగవాళ్ళంతా బస్టాండు దగ్గర లాడ్జిలో ఒకే గదిలో దిగుతామని ఎబినేజర్ చెప్పేవాడు. కీబోర్డు వాయించే జస్టిన్ ఆ లాడ్జి నుంచి నల్లులు మోసుకొచ్చి, చివరికి పరుపు తగలబెట్టుకున్నాడు. ఎబినేజర్ సంచి మాత్రం ఎప్పటిలాగే శుభ్రం. ఆ రోజు నుంచి పుల్లమ్మకు అన్నం సహించలేదు. నల్లులు లేని మంచం ఇతనికి ఎక్కడ దొరుకుతోంది? జస్టిన్‌ను అడగవచ్చు. అడిగితే కాలనీ అంతా నవ్వుతుంది. తరువాతి నెల సంచి కుట్లలో వేలు పెట్టి వెతికింది, ఒక్కటన్నా దొరకాలని. దొరకలేదు.

ఆపై నెల తానూ బయలుదేరింది.

లాడ్జిలో ఆడవాళ్ళ గదిలో స్తుతి పక్క మంచమే అడిగి తీసుకుంది. చీరల మూట తలకింద పెట్టుకుని, నిద్ర పట్టేదాకా ఆ పిల్లనే చూసింది. తెల్లవారి భర్త కోసం వెతికితే డాబా మీద కనబడ్డాడు. యూరియా సంచి పరుచుకుని కూర్చున్నాడు. బట్టల సంచి నీళ్ళ ట్యాంకు పైపుకు వేలాడుతోంది.

వెనకే మెట్లెక్కిన స్తుతి నవ్వింది. "అన్న ఎప్పుడూ ఇక్కడే వదినా. మంచం ముట్టుకోడు. ఒక్క నల్లి వెంటొచ్చినా పుల్లమ్మ గడప దాటనివ్వదంటాడు. మేమంతా ఒకటే నవ్వు."

పుల్లమ్మ గుండె కుదుటపడింది. ఆ కుదురు తిరుగు బస్సు టేకులపల్లి చేరేదాకా నిలిచింది.

"గా డాబా ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే."

"ఆమె అడిగిందా మరి?"

ఎబినేజర్ కిటికీలోంచి అడవిని చూశాడు.

ఇంటికొచ్చాక అతను గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "మూట ఈడ్నే ఇప్పు. పొయ్యి నేను ముట్టిస్త."

పుల్లమ్మ కోపంగానే విప్పింది. రెండో చీర మడతలోంచి, తాగి ఉబ్బిన నల్లి ఒకటి కొంగు అంచు మీదికి పాకింది. ఇద్దరూ చూశారు. పుల్లమ్మ దాన్ని బండ మీదికి దులిపి బొటనవేలితో నలిపింది.

"ఇది గూడ చెప్తవా ఆమెకు?"

ఎబినేజర్ ఆమె చీర అందుకుని, ఎండకు పట్టి, కుట్లు వెతకడం మొదలుపెట్టాడు.