మొగలిపువ్వు పెట్టుకున్న పూట

మొన్న మా మనవరాలు మొగలిరేకులు తెచ్చి ముడిలో పెట్టబోతే, ముసలిదాన్ని నాకెందుకే అని తల పక్కకి తీసుకున్నాను గాని, అసలు సంగతి అది కాదు. ఆ వాసన తగిలితే ఈనాటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

మా నాన్న మురమళ్ళ రేవులో పడవ నడిపేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మేనత్త కొడుకు, మా బావ, తండ్రి లేనివాడు కావడంతో మా ఇంట్లోనే పెరిగాడు. మన ఈడువాళ్ళకి తెలియనిదేముంది, ఆనకట్టా కాలవలూ లేని ఆ రోజుల్లో ఎటు వెళ్ళాలన్నా ఏరే దారి గనక, గెడ వెయ్యడం, ఏరు పొంగే పోటూ తీసే పాటూ చూసి పడవ తిప్పడం ఇద్దరం పాలపళ్ళు ఊడకముందే నేర్చుకున్నాం. ఈడొచ్చిన పిల్లని ఇంకా పడవ మీద తిప్పుతావేమిటని ఆడవాళ్ళు దెప్పితే, బావ ఉన్నాడుగా అని నాన్న నవ్వేసేవాడు. ఆ మాట నేను లోపల దాచుకున్నాను. బావ మాత్రం నన్ను ఒరేయ్ అనే పిలిచేవాడు.

ఒకనాడు, రేపు మావయ్యని పెళ్ళిమాట అడుగుతాను, నువ్వు పక్కనుండాలి అన్నాడు. ఇంకేం కావాలి నాకు? మర్నాడు పొద్దున్నే తలంటుకుని, అమ్మ చీర కట్టి, ముఖానికి పసుపు రాసి, జడలో మొగలిపువ్వు తురుముకుని రేవుకి వెళ్ళాను. అక్కడి ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. అదీ నాకు బాగానే ఉంది.

"ఏరా, ఎవరింట్లో పేరంటం?" అన్నాడు బావ. అని నాన్న వైపు తిరిగి, కాట్రేనికోనలో వలలల్లే వారి పిల్ల నచ్చిందని, పెద్దల్ని తీసుకుని అడగడానికి రావాలని, మాట్లాడ్డం తెలిసినదాన్ని గనక నేనూ రావాలని చెప్పాడు.

నాన్న నా జడ చూశాడు, ముఖం చూశాడు. రేవంతా వింటూంది. మేనమామ కాదంటే ఆ సంబంధం అక్కడితో ఆగిపోయేదే.

"నువ్వేవంటావమ్మా? నువ్వొద్దంటే పడవ కదల్దు."

పిల్లని అడిగే కాలమా అది?

"పాటు మొదలైంది నాన్నా. గెడ నేనేత్తాను" అన్నాను.

పువ్వు నీళ్ళలో పడేస్తే అందరూ చూస్తారని పడవలో చెక్క కింద దోపాను. మొగలి దాగుతుందా? దారి పొడవునా పెద్దలు ఆ పొదలెక్కడున్నాయా అని ఒడ్డులు వెతుకుతూంటే, నేను ముఖం అటు తిప్పుకుని గెడ వేశాను. అక్కడ నేనే మాట్లాడి ఒప్పించాను కూడా.

మరుసటేడు నాకూ అవతలి ఒడ్డున మంచి మనిషితోనే పెళ్ళయింది. బావ పోయిన వానాకాలంలో కాలం చేశాడు, ఏమీ తెలియకుండానే. అతని భార్య కనిపించినప్పుడల్లా, మా పెళ్ళి నీ చేతి మీదనే అయింది వదినా అంటుంది. ఆయ్ అంటాను.

ఇప్పుడు జనం కాలవల మీద పోతున్నారు. మా రేవు ఇసక మేటవేసింది, పడవ ఆగదు. నేను చేసిన తప్పేమీ లేదు, ఆశపడ్డాను, అంతే. ఆనాడు నవ్విన ఆడవాళ్ళలో ఒక్కరైనా బతికుంటే, పక్కన కూర్చుని ఇద్దరం కలిసి నవ్వుకుని, ఈ సిగ్గు వదిలించుకునేదాన్నేమో.