చార మీద దెబ్బ

నీళ్లు చల్లి, అవి ఆరేటప్పుడు తేలే చారలు చూడనిదే చిన్నపుల్లయ్య ఏ రాతి మీదా సుత్తి ఎత్తడు. నాపరాయి నీటి అడుగున బురద పేరుకుని గట్టిపడింది కాబట్టి పొర వెంబడి విడుతుందనీ, నల్లరాయి భూమిలోపలి నిప్పు చల్లారి పుట్టింది కాబట్టి అంత తేలిగ్గా లొంగదనీ, పాలరాయి మాత్రం ఆ నాపరాయే లోతున ఉడికి, నలిగి మారింది కాబట్టి దాని ప్రాణం చారల దగ్గరే ఉంటుందనీ కడప గనుల్లో నేర్చుకున్నాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడిన ఆగస్టులో, అక్కడ అతనికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, పనివాళ్ల పాస్‌పోర్టులైనా ఇవ్వకుండా సౌదీకి పారిపోయాడు. ఆ కఫీల్ ఇంటి హాల్లో చిన్నపుల్లయ్యే పరిచిన పాలరాతి పలకల్ని ఊడదీయమని ఒక ఇరాకీ అధికారి తుపాకీ గురిపెట్టాడు.

“ఒక్కటి పగిలినా కాల్చేస్తాడంటన్నా,” అన్నాడు తోటి మేస్త్రీ హారూన్.

“పగలవులే. నువ్వు గమ్మునుండు.”

ఊడిన ప్రతి పలకనూ నీళ్లతో తడిపి, వెనక్కి తిప్పి, చార మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు చిన్నపుల్లయ్య, పైకి కనిపించని బీట పడేంత. అధికారి నున్నటి వైపు తడిమి చూసి, బాగున్నాయన్నట్టు “జైన్” అంటూ తలూపాడు. పలకలెక్కించుకున్న లారీ ఇరాక్‌లోని బస్రా దారి పట్టింది.

“ఆ రాయి ఆ పారిపోయినోనికీ లేదు, ఈ దొంగనాయాలికీ లేదు,” అని ఉమ్మేశాడు చిన్నపుల్లయ్య. “దారిలో మొదటి గుంత చాల్లే, అన్నీ ముక్కలైపోడానికి.”