ఫోన్లో అడిగిన ఓటు

మా వీధి సిమెంటు కాలువ మా ఇంటికి మూడిళ్ల ముందే ఆగిపోయింది. సరిగ్గా అప్పటి వార్డు మెంబరు గుమ్మం దాటగానే. వీధి మురుగంతా వచ్చి మా గేటు ముందు మడుగు కడుతుంది. ఎప్పుడడిగినా ఆయన "చూద్దాంలే" అనేవాడు. ఆ మాట పడలేకే పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఆయన మీద నామినేషన్ వేశాను.

వేశాక తెలిసింది, నిలబడడమంటే గుమ్మాలెక్కడమని. ఇంటికొచ్చి వరస పెట్టి పిలిచి అడగనివాడికి మా పల్నాట్లో ఎవరూ ఓటు వేయరు. నేనేమో సగం వీధితో మాట్లాడను. ఒకాయన మా గేదెను బక్కదన్నాడు. ఇంకొకాయన విందులో నా విస్తరి దాకా వచ్చి మాంసం గరిటె వెనక్కి తిప్పాడు. ఇవేమీ చిన్న విషయాలు కావు. అయినా కాలువ కోసం పళ్లు బిగబట్టి అందరి గుమ్మాలూ ఎక్కాను.

ఎదురింటి వదినది తప్ప. కూతురి పెళ్లికి ఆమె మా ఆవిడను బొట్టు పెట్టి పిలవలేదు. ఫోనుకు శుభలేఖ పంపింది. ఎదురింటి నుంచి! అదీ ఒక పిలుపేనా అని వీధంతా చెప్పి, పెళ్లికి వెళ్లడం మానేశాను.

వాళ్లది అన్నదమ్ముల ఉమ్మడి కాపురం, ఓట్లెక్కువ. "రోడ్డు దాటి ఒక్క మాట అడగవయ్యా" అని మా ఆవిడ బతిమాలింది. నేను కదల్లేదు. కరపత్రం ఫొటో తీసి, దణ్ణం బొమ్మ జోడించి వదిన ఫోనుకు పంపాను. చెల్లుకు చెల్లు.

ఓడిపోయాను. ఆ ఇంటి ఓట్లు పడితే గెలిచేవాణ్ణి. మర్నాడు పాలకేంద్రం దగ్గర వదిన కనిపించింది.

"ఏంది వదినా, మీరు నాకు ఓటెయ్యలేదంట?"

"ఎందుకెయ్యలేదు మరిదీ? నువ్వు పంపిన ఫొటో కింద బొటనేలి బొమ్మ పెట్టాగా. చూసుకోలా?"

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నవ్విన ప్రతి మొహమూ నాకు గుర్తుంది.

ఈ మధ్య మనవడి అన్నప్రాసనకు పిలవడానికి వదినే కుంకుమభరిణె పట్టుకొని వచ్చింది. మా మడుగులో కాలు పడి చీర కుచ్చిళ్లు మురుగయ్యాయి.

"చానా అన్నేయంగా ఉందయ్యా! కాలవ కట్టించగూడదా?"

"గెలిపిస్తే కట్టించేవాణ్ణి."

"అడిగితే గెలిపించేవాళ్లం."

మా ఆవిడ నవ్వాపుకుంటూ ఆమె కాళ్లకు నీళ్లిచ్చింది.

అన్నప్రాసనకు వెళ్లాను. ఎలాగూ గుమ్మం ఎక్కాను కదా అని, ఎన్నికల ఊసు లేకపోయినా, రాబోయేసారికి ఓటు అడిగేశాను. వదిన పిల్లాడి మూతి తుడుస్తూ, నా వైపు చూడకుండానే "చూద్దాంలే" అంది.

ఆ మాట కూడా గుర్తు పెట్టుకున్నాను.