డాలరున్నర ఎక్కువే అన్న మాట

పౌండుకి ముప్పావు డాలరు తగ్గించి ఒక ఊరినే ఖాళీ చేయించిన బేరగాణ్ణి నేను. తెనాలి కిరాణా కొట్ల మధ్య పెరిగాను. అడిగిన ధరకి కొనడం మా ఇంట్లో తలవంపులు.

డెబ్బైల చివర్లో, మా ఆవిడ డాక్టరుగా ఉన్న కాన్సాస్ పల్లెలో కొట్టు పెట్టాను. ఆ ఏడే మెక్సికో నుంచి పన్నెండు మెన్నోనైట్ కుటుంబాలు, నిరాడంబరులైన క్రైస్తవులు, వచ్చి పక్కనే అప్పు మీద పొలాలు కొన్నారు. రెండేళ్లలో ప్రార్థన ఇల్లు, బడి, చీజ్ చేసే గది లేచాయి. ఆ చీజే వాయిదాలు కట్టేది.

వాళ్ల పెద్దాయన నా కొట్టుకి చీజ్ తెచ్చి పౌండు రెండు డాలర్లన్నాడు. అలవాటుగా ముక్క కొరికి మొహం చిట్లించాను.

"దీనికి డాలరున్నర కూడా ఎక్కువేనండీ."

ఆయన టోపీ తీశాడు. "మీరు వ్యాపారస్తులు, మీకు తెలుస్తుంది. ఎక్కువ తీసుకుంటే తప్పు."

డాలరూ పాతిక సెంట్లకి ఇచ్చి వెళ్లాడు. వాళ్లలో బేరం లేదు. మనిషి అన్న మాట నిజమనే తీసుకుంటారు. ఆ వారమే అందరికీ ధర తగ్గించారు.

"ఏమండీ," అంది మా ఆవిడ, "పెద్దాయన హాస్పిటల్‌కొచ్చి నర్సులకి చీజ్ డబ్బులు రిటర్న్ చేస్తున్నాడు. ఎక్కువ తీసుకున్నాడట. మీరేమన్నారు?"

"బేరమాడాను."

"అది బేరమని ఆయనకి తెలుసా? వెళ్లి చెప్పండి."

"రేపు వెళ్తాలే."

అదే చీజ్ దగ్గర్లోని విచిటా నగరానికి పంపి రెండున్నరకి అమ్ముతున్నాను. ఆ రేపు రావడానికి ఆరేళ్లు పట్టింది.

ఈలోగా కరువొచ్చింది, వడ్డీలు పెరిగాయి. చీజ్ డబ్బు మేతకే చాలలేదు. ఆవుల్ని అమ్మేశారు, బడి మూసేశారు, కుటుంబాలు ఒక్కొక్కటే కదిలాయి. చివరికి మిగిలిన పెద్దాయన, ఆయన భార్య ట్రక్కులోకి సామాను ఎక్కిస్తుంటే వెళ్లాను.

"ఆ రోజు అబద్ధమాడాను. మీ చీజ్ చాలా మంచిది."

"మంచిదా?" అన్నాడు. కోపం కనబడలేదు. భార్య వైపు తిరిగి వాళ్ల భాషలో చెప్పాడు. ఇన్నేళ్లూ ఆ చీజ్ చేసింది ఆవిడే. చేతిలోని గిన్నె కింద పెట్టి, ఏప్రన్‌తో మొహం కప్పుకుంది.

కరువు నా పద్దు కాదు, వడ్డీలూ కావు. ఆరేళ్లపాటు పౌండుకి ముప్పావు డాలరు మాత్రం నాదే. చెక్కు రాసిస్తే ఆయన తీసుకోలేదు. తన చేతిపని నాసిరకమనుకుంటూ ఆవిడ గడిపిన ఆరేళ్లూ నా పద్దే. వాటికి ఎంతివ్వాలో అడగలేకపోయాను.