పేరు దొరకని ఇంజను

మా మావగారు పోయారు. ముసురు వదలని శ్రావణమాసంలో, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. అరకు స్టేషను రోడ్డులో మా ఇడ్లీ హోటలుకి వచ్చినవాళ్లకి ఆయన గుర్తుండే ఉంటారు. వసారాలో ముక్కాలిపీట మీద కూర్చుని ఇత్తడి రేకుని ఆకురాయితో అరగదీస్తూ ఉండే బక్కపలచటి మనిషి.

ఆయన రైల్వేలో ఫైర్‌మేను. నౌపడా–గుణుపూరు చిన్న బండి మీద కొన్నాళ్లు, తర్వాత పెద్ద లైను మీద, ఉద్యోగమంతా బొగ్గు వేస్తూనే గడిపారు. ఆవిరి బళ్లు ఆగిపోయాక కొండెక్కి మా దగ్గరికి వచ్చేశారు. వచ్చినా చేతులు ఊరుకోలేదు. చొట్టపడ్డ చెంబుతో బాయిలరు, కుట్టుమిషను బాబిన్లతో చక్రాలు. అలా చిన్న చిన్న ఇంజన్లు ఎనిమిది తయారయ్యాయి. ఒక్కసారి నడిపించి చూపించండి మావయ్యా అని ఎన్నిసార్లు అడిగానో.

"ఆటినింకేటి కాల్సడం? బతుకంతా నిప్పు తిన్నాయి. పడుకోనీ," అనేవారు.

సంత మర్నాడు వాటిని చింతపండు పెట్టి తోమే పని నాది. వారమంతా పొయ్యి దగ్గర వేగి, మళ్లీ ఈ తోముడేమిటని ఒళ్లు మండేది. ఒక్క ఇంజను మాత్రం నాకు ఇచ్చేవారు కాదు. అది వంటింటి గూట్లో మసిపట్టి ఉండేది. దాన్ని నల్లగానే ఉండనిమ్మనేవారు.

ఆయన వచ్చిన మొదటి చలికాలంలో, చీకటితో లేచి పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ ఊదుతూ నేను కునికాను. ఆయన వెనకనించి వచ్చి గొట్టం తీసుకున్నారు. "నిప్పు ముందు నిలబడ్డోలికే నిద్దర విలువ తెలుత్తాది. పొయ్యి నాను సూసుకుంటాను. నువ్వింకాసేపు పడుకోయే గుంటా."

ఆనాటి నుంచి పొయ్యి ఆయనదే. రాత్రి నన్ను గిన్నెల దగ్గరికి పంపి, పొయ్యి సర్దడం కూడా తనే చూసుకునేవారు. మావ పొయ్యి ఊదుతుంటే కోడలు ముసుగుతన్ని పడుకుంటుందని వీధిలో నవ్వుకున్నారు. మా ఆయనకి తలకొట్టేసినట్టుండేది. మావగారు మాత్రం తొణక్కుండా, షెడ్డులో ఇంజను సల్లారనిచ్చినోడు ఫైర్‌మేనేటి అనేవారు. వానాకాలం అగ్గిపెట్టెలు చెమ్మగిల్లి వీధిలో ఎవరి పొయ్యీ అంటుకోని రోజున కూడా, నేను లేచేసరికి మా ఇడ్లీ పాత్రలో నీళ్లు మరుగుతుండేవి. అగ్గిపుల్ల గీసిన చప్పుడు ఒక్కనాడూ వినలేదు. ఎలాగా అని ఆలోచించనూ లేదు. నిద్ర అంత తియ్యగా ఉండేది.

తన తర్వాత ఆ బళ్లు కోడలివేనని ఆయన అందరి ముందూ చెప్పారు. కర్మకాండ అయ్యాక వాటిని ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఇల్లు ఇరుకు, నాకా ఓపిక లేదు. ఆయన పోయాక రోజూ తడిసిన పుల్లలతో, పచ్చి కట్టెలతో కుస్తీ పట్టి కళ్లు మండిపోతున్నాయి. టూరిస్టుల కోసం లాడ్జి కట్టినాయన వాటిని తీసుకుంటానన్నాడు. అద్దాల బీరువాలో పెడతాడట, ఒక్కోదాని కిందా పేరు రాయాలట. పేర్లు నాకేం తెలుసు? లాడ్జి ఆయనే ఒక రిటైరైన రైలు డ్రైవరుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

డ్రైవరుగారు ఒక్కోదాన్నీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, చక్రాలూ పొగగొట్టమూ చూసి చెప్పారు. ఇది గుణుపూరు చిన్న బండి. ఇది గూడ్సుది. ఇది మెయిలుది. అలా ఏడింటికి పేర్లొచ్చాయి. గూట్లోని నల్లదాని దగ్గర ఆగిపోయారు. నిప్పుగది తలుపు చెయ్యి దూరేంత పెద్దది. ఆవిరి గొట్టాలే లేవు. పొగగొట్టానికి మూత. ఇది ఏ బండీ కాదమ్మా, పెద్దతనంలో లెక్క తప్పుంటాడు అన్నారు. లాడ్జి ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు.

పాత ఇత్తడికైనా పనికొస్తుందేమో, తోముదామని తలుపు తీసి చెయ్యి పెట్టాను. వేళ్లకి మెత్తటి బూడిద తగిలింది. అడుగున చింత బొగ్గు ముక్కలు. కాసేపు చెయ్యి అలాగే ఉంచేశాను. రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పులు ఇందులోకి తీసి, పైన బూడిద కప్పి, గొట్టానికి మూత వేసేవారన్నమాట. అగ్గిపుల్ల చప్పుడుకి నేను లేస్తానని.

"దీని పేరు నాకు తెలుసండి," అన్నాను. "ఇది మా పొయ్యి ఇంజను. దీన్ని ఇవ్వను."

డ్రైవరుగారు చిటికెడు బూడిద తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు. "అయితే బండి సల్లారనియ్యలేదన్నమాట మావోడు," అన్నారు మెల్లగా.

ఏడు ఇంజన్లూ జీపెక్కి వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం హోటలు కట్టేశాక నిప్పులు తీసి నల్లదాంట్లో వేసి, బూడిద కప్పాను. తెల్లవారుజామున లేచి తలుపు తీస్తే లోపల ఎర్రగా ఉంది. ఎండుగడ్డి పెట్టి ఊదాను, పొయ్యి అంటుకుంది. చప్పుడు కాలేదు. ఇంట్లో ఎవరికీ మెలకువ రాలేదు. ఇడ్లీ పాత్ర ఎక్కించి, నీళ్లు మరిగేదాకా ఆయన పీట మీద కూర్చుని ఏడ్చాను.